సర్వర్లు పెరిగితే చిక్కులెందుకు పెరుగుతాయి? బృంద అభివృద్ధి సాఫ్ట్‌వేర్‌ను పలు యంత్రాలపై నెలకొల్పడం గురించి

ఒక బృందం తన కోడ్‌ను భద్రపరచుకోవడానికి, పనులను పంచుకోవడానికి, కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్‌లు నడుపుకోవడానికి, లోపాలను నమోదు చేసుకోవడానికి ఒకే వేదికను వాడుకోవడం ఇప్పుడు మామూలు విషయం. మైక్రోసాఫ్ట్ వారి టీమ్ ఫౌండేషన్ సర్వర్ (టీఎఫ్ఎస్, దాని నేటి పేరు అజూర్ డెవాప్స్ సర్వర్), గిట్‌ల్యాబ్, అట్లాసియన్ వారి జిరా ఈ కోవకు చెందినవే. వీటిని క్లౌడ్‌లో అద్దెకు తీసుకునేవారికి ఇన్‌స్టలేషన్ అనే మాటతో పని లేదు. సొంత సర్వర్లపై నడపదలచినవారికి మాత్రం అదే మొదటి పరీక్ష. అట్లాసియన్ తన సర్వర్ ఉత్పత్తులకు 2024 ఫిబ్రవరి 15తో మద్దతు ఆపేసింది. సొంత సర్వర్లపైనే నడిచే డేటా సెంటర్ ఉత్పత్తుల్లో కూడా చాలావాటికి 2029 మార్చితో స్వస్తి పలుకుతున్నట్టు 2025లో ప్రకటించింది. దాంతో సొంత సర్వర్లను వదులుకోలేని సంస్థలు మరో వేదిక కోసం వెతుకుతూ, మళ్లీ ఏదో ఒక ఇన్‌స్టలేషన్ గైడు ముందు కూర్చోవలసి వస్తోంది.

ఆ గైడులో ఒకే సర్వర్ గురించిన అధ్యాయం సాధారణంగా చిన్నదిగానే ఉంటుంది, రెండో సర్వర్ వచ్చేసరికి అది కొండవీటి చాంతాడంత అవుతుంది. దీనికి కారణమేమిటో, సులువు చేశామని తయారీదారులు చెప్పినప్పుడు నిజంగా ఏది తగ్గిందో, ఏది కంటికి కనబడకుండా మాత్రమే పోయిందో ఈ వ్యాసంలో చూద్దాం. ఉదాహరణగా ప్రధానంగా టీమ్ ఫౌండేషన్ సర్వర్‌నే తీసుకుంటున్నాను, ఎందుకంటే ఇన్‌స్టలేషన్ విషయంలో అంత అపకీర్తి మూటగట్టుకుని, ఆ తర్వాత దాన్ని అంత స్పష్టంగా కడుక్కున్న ఉత్పత్తులు అరుదు.

అంచెలు అంటే ఏమిటి

ఇలాంటి వేదికలన్నిటిలోనూ కనీసం రెండు అంచెలు ఉంటాయి. వాడేవారి బ్రౌజర్ నుంచో, ఎడిటర్ నుంచో వచ్చే అభ్యర్థనలను అందుకుని, ఎవరికి ఏ అనుమతి ఉందో చూసి, జవాబు తయారుచేసి పంపేది అప్లికేషన్ అంచె. కోడ్ చరిత్ర, పనుల జాబితా, అనుమతుల పట్టిక వంటి శాశ్వత సమాచారం నిలువ ఉండేది డేటా అంచె. వీటికి తోడు బిల్డ్‌లు నడిపే యంత్రాలు, నివేదికలు తయారుచేసే సర్వీసు, వెతుకులాట కోసం సూచికలు కట్టే సర్వీసు వేరువేరుగా ఉండవచ్చు. చిన్న బృందానికి ఇవన్నీ ఒకే యంత్రంలో ఒదిగిపోతాయి.

వేరు చేయడానికి కారణాలు నాలుగు రకాలుగా కనిపిస్తాయి. పని భారం ఒక యంత్రం మోయలేనంత పెరగడం మొదటిది. ఒక యంత్రం పాడైనా పని ఆగకూడదనుకోవడం రెండోది. డేటాబేస్‌ను బయటి నెట్‌వర్క్‌కు దూరంగా, వేరే ఫైర్‌వాల్ వెనుక ఉంచాలన్న భద్రతా నియమం మూడోది. నాలుగోది సాంకేతికమైనది కాదు: చాలా సంస్థల్లో డేటాబేస్‌లను చూసే విభాగం వేరుగా ఉంటుంది, కొత్త డేటాబేస్ ఏదైనా వారి సర్వర్‌లోనే ఉండాలంటారు. ఈ నాలుగింటిలో ఏ కారణంతో విడదీస్తున్నారన్నదాన్ని బట్టి చేయవలసిన పని మారుతుంది. అయినా ఇన్‌స్టలేషన్ గైడులు ఆ ప్రశ్న అడగకుండానే మొదలవుతాయి, ఇది నాకెప్పుడూ వింతగానే అనిపిస్తుంది.

చిక్కు యంత్రాల్లో లేదు, వాటి మధ్య ఉంది

రెండు యంత్రాల మధ్య ఒకే సంబంధం ఉంటుంది. నాలుగు యంత్రాలుంటే, ప్రతిదీ మిగతావాటితో మాట్లాడుకోవలసి వస్తే, ఆరు సంబంధాలవుతాయి. ఆరు యంత్రాలకు పదిహేను. ఆచరణలో అన్నీ అన్నిటితోనూ మాట్లాడవు కాబట్టి లెక్క ఇంత తీవ్రంగా ఉండకపోవచ్చు, కానీ యంత్రాల సంఖ్య కంటే సంబంధాల సంఖ్య వేగంగా పెరుగుతుందన్నది మాత్రం ఖాయం. పైగా ప్రతి సంబంధానికీ కొన్ని షరతులు ఉంటాయి: అవతలి యంత్రం పేరు సరిగ్గా తెలియాలి, మధ్యలో పోర్టు (సంఖ్యతో గుర్తించే నెట్‌వర్క్ ద్వారం) తెరిచి ఉండాలి, ఎవరి పేరుమీద లోపలికి వెళ్తున్నామో అవతలివారు గుర్తించాలి, రెండు వైపులా ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షన్లు ఒకదానికొకటి సరిపడాలి. ఒకే యంత్రంలో ఉన్నప్పుడు ఈ షరతుల్లో చాలావరకు వాటంతటవే తీరిపోతాయి. వేరు చేయగానే వాటన్నిటినీ ఎవరో ఒకరు కూర్చుని తీర్చాలి.

వీటిలో పోర్టుల సంగతి తేలిక. టీమ్ ఫౌండేషన్ సర్వర్ అప్లికేషన్ అంచె ఏళ్ల తరబడి 8080 పోర్టు మీద వినేది. అక్కడి నుంచి మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, దాని విశ్లేషణ భాగమైన అనాలిసిస్ సర్వీసెస్‌కు 2383 తెరవాలి. డిఫాల్ట్ ఇన్‌స్టాన్స్ (యంత్రంలో నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రతి) కాకుండా పేరు పెట్టిన ఇన్‌స్టాన్స్ వాడితే, అది ఏ పోర్టులో ఉందో చెప్పే ఎస్‌క్యూఎల్ బ్రౌజర్ సర్వీసు కోసం యూడీపీ 1434 కూడా అవసరమవుతుంది. పట్టిక ముందు పెట్టుకుంటే ఇది గంటలో తేలే పని. అసలు తలనొప్పి గుర్తింపు దగ్గర మొదలవుతుంది.

ఎవరు తలుపు తడుతున్నారు: దగ్గరగా ఒక ఉదాహరణ

అప్లికేషన్ అంచె నెట్‌వర్క్ సర్వీస్ అనే అంతర్నిర్మిత విండోస్ అకౌంట్‌తో నడుస్తోందనుకుందాం. డేటాబేస్ కూడా అదే యంత్రంలో ఉంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు వచ్చే అతిథి పేరు నెట్‌వర్క్ సర్వీస్. ఆ పేరుకు అనుమతి ఇస్తే పని అయిపోయినట్టే. ఇప్పుడు డేటాబేస్‌ను పక్క యంత్రానికి మార్చి, అప్లికేషన్ యంత్రానికి యాప్01 అని పేరు పెట్టామనుకుందాం. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అయినా ఇప్పుడు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కనిపించే పేరు నెట్‌వర్క్ సర్వీస్ కాదు, చివర డాలర్ గుర్తు ఉన్న యాప్01 అనే యంత్రపు డొమైన్ అకౌంట్ (సంస్థ మొత్తానికి ఉమ్మడిగా ఉండే విండోస్ గుర్తింపు జాబితాలో ఆ యంత్రం పేరు). అంతర్నిర్మిత అకౌంట్లకు గడప దాటితే సొంత పేరు ఉండదు, యంత్రం పేరే వాటి పేరు. ఈ సంగతి తెలియనివారు డేటాబేస్ సర్వర్‌లోని నెట్‌వర్క్ సర్వీస్‌కు అనుమతులు ఇచ్చి, అన్నీ ఇచ్చాం కదా, లాగిన్ ఎందుకు విఫలమవుతోందని బుర్ర బద్దలు కొట్టుకుంటారు. వారు అనుమతి ఇచ్చింది ఆ డేటాబేస్ యంత్రపు సొంత నెట్‌వర్క్ సర్వీస్‌కు, తలుపు తడుతున్నది వేరొకరు.

పలు సర్వర్ల ఏర్పాటుకు ఆ ఉమ్మడి జాబితా, అంటే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్, ఎందుకు తప్పనిసరి అయిందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. డొమైన్ లేకపోతే ఒక యంత్రం చెప్పే పేరును మరో యంత్రం నమ్మడానికి ఉమ్మడి సాక్షి ఉండదు.

గొలుసు మరో మెట్టు పొడుగైతే చిక్కు ఇంకాస్త బిగుస్తుంది. ఒక ఉద్యోగి తన కంప్యూటర్ నుంచి నివేదికల సర్వర్‌ను తెరిచాడు, ఆ సర్వర్ అతడి పేరుమీదే మూడో యంత్రంలోని డేటాబేస్‌ను అడగాలి. ఎన్‌టీఎల్ఎం అనే పాత విండోస్ పద్ధతిలో ఇది సాధ్యం కాదు. మొదటి యంత్రం దగ్గర నిరూపించుకున్న గుర్తింపు రెండో అడుగుకు వెంట రాదు. దీన్నే డబుల్ హాప్ సమస్య అంటారు. కెర్బరోస్ పద్ధతిలో కుదురుతుంది గానీ, దానికి ప్రతి సర్వీసు పేరునూ డొమైన్‌లో నమోదు చేయాలి, ఎవరి తరఫున ఎవరు అడగవచ్చో అప్పగింత ఏర్పాటు చేయాలి, యంత్రాల గడియారాల మధ్య తేడా డిఫాల్ట్‌గా అయిదు నిమిషాలకు మించకూడదు. టీమ్ ఫౌండేషన్ సర్వర్ గైడుల్లో టీఎఫ్ఎస్ రిపోర్ట్స్ అనే ప్రత్యేక అకౌంట్ కనిపించేది ఈ కారణంగానే. నివేదికలు వాడుకరి పేరుతో కాకుండా ఎప్పుడూ ఆ ఒక్క అకౌంట్ పేరుతోనే సమాచారం తెచ్చుకుంటే డబుల్ హాప్ ప్రసక్తే రాదు. అదనపు అకౌంట్ ఎందుకని విసుక్కున్నవారికి తెలియని విషయమేమిటంటే, అది పెట్టిందే పని తగ్గించడానికి.

2005 నాటి పరిస్థితి

టీమ్ ఫౌండేషన్ సర్వర్ తొలి వెర్షన్ విజువల్ స్టూడియో 2005 కుటుంబంలో భాగంగా 2006 మార్చిలో విడుదలైంది. అది ఒంటరిగా నడిచేది కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005, దాని నివేదికల సర్వీసు, అనాలిసిస్ సర్వీసు, వెబ్ సర్వర్ ఐఐఎస్, పత్రాలు పంచుకునే విండోస్ షేర్‌పాయింట్ సర్వీసెస్ 2.0 ఇవన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. సిద్ధంగా ఉంటే చాలదు, సరైన స్థితిలో ఉండాలి. ఐఐఎస్‌లో ఏఎస్‌పీ డాట్‌నెట్ ఉండాలి గానీ ఫ్రంట్‌పేజ్ ఎక్స్‌టెన్షన్లు ఉండకూడదు. షేర్‌పాయింట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నకు టిపికల్ అని కాకుండా సర్వర్ ఫార్మ్ అని జవాబివ్వాలి, ఎందుకంటే టిపికల్ అంటే అది తన సొంత చిన్న డేటాబేస్‌ను తెచ్చుకుని కూర్చుంటుంది. నివేదికల సర్వీసును ఇన్‌స్టాల్ చేసి, కాన్ఫిగర్ మాత్రం చేయకుండా వదిలేయాలి, ఆ పని టీమ్ ఫౌండేషన్ సర్వరే చూసుకుంటుంది. బాధ్యతగా అన్నీ ముందే కాన్ఫిగర్ చేసిపెట్టే నిర్వాహకుడికి ఇక్కడ శిక్షే దక్కేది.

రెండు సర్వర్ల ఏర్పాటులో డేటా అంచెకు ఒక ఇన్‌స్టాలర్, అప్లికేషన్ అంచెకు మరొకటి. ముందు డేటా అంచె, తర్వాతే అప్లికేషన్ అంచె, ఈ వరుస తప్పకూడదు. ఇన్‌స్టలేషన్‌కు ఒక అకౌంట్, సర్వీసులకు ఒకటి, నివేదికలకు ఒకటి చొప్పున డొమైన్ అకౌంట్లు అడిగి పెట్టుకోవాలి. ఫైళ్లను కాపీ చేయడం, డేటాబేస్‌లను సృష్టించడం, వెబ్‌సైట్లను తయారుచేయడం అన్నీ ఒకే ఇన్‌స్టాలర్ ఏకబిగిన చేసేది కాబట్టి, చివరలో ఒక్క అడుగు తప్పినా మొత్తం వెనక్కి చుట్టుకునేది. ఆ వెనక్కి చుట్టుకోవడం కూడా అన్నిసార్లూ శుభ్రంగా జరిగేది కాదు. సగం తయారైన డేటాబేస్‌లు అవతలి యంత్రంలో మిగిలిపోతే, మళ్లీ ప్రయత్నించినప్పుడు ఆ శేషాలే అడ్డుపడేవి.

2008లో తీసేసినవి, 2010లో విడదీసినవి

2007 నవంబరులో వచ్చిన 2008 వెర్షన్‌లో మార్పులు చూడడానికి చిన్నవి. డేటా అంచెకు వేరే ఇన్‌స్టాలర్‌ను తీసేశారు, అప్లికేషన్ అంచె ఇన్‌స్టాలరే నెట్‌వర్క్ మీదుగా డేటాబేస్‌లను సృష్టించేది. కుదిరిన చోటల్లా డొమైన్ అకౌంట్లకు బదులు నెట్‌వర్క్ సర్వీస్ వంటి అంతర్నిర్మిత అకౌంట్లను అనుమతించారు. పేరు పెట్టిన ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాన్స్‌లను, వేరే యంత్రాల్లో ఉన్న షేర్‌పాయింట్‌ను, నివేదికల సర్వర్‌ను వాడుకునే వీలు కల్పించారు. ముందస్తు తనిఖీల సంఖ్యా పెరిగింది. ఈ జాబితాను జాగ్రత్తగా చదివితే రెండు విరుద్ధ ధోరణులు కనిపిస్తాయి. ఒకవైపు అడుగులు తగ్గాయి, మరోవైపు సాధ్యమైన అమరికల సంఖ్య పెరిగింది. సంస్థలో అప్పటికే ఉన్న సర్వర్లను వాడుకోగలగడం పెద్ద ఊరటే, కానీ ఏ సర్వీసు ఎక్కడున్నా ఫరవాలేదన్నప్పుడు తప్పు జరగగల చోట్లు కూడా ఎక్కువవుతాయి.

అసలు మలుపు 2010 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ వెర్షన్‌లో ఇన్‌స్టాల్ చేయడాన్ని, కాన్ఫిగర్ చేయడాన్ని రెండు వేర్వేరు పనులుగా విడదీశారు. మొదటి పని కేవలం ఫైళ్లను డిస్క్ మీద పెట్టడం. దానికి ప్రశ్నలు అక్కర్లేదు, అది విఫలమయ్యే అవకాశమూ తక్కువ. ఆ తర్వాత విజార్డ్ (ఒక్కో ప్రశ్నా అడుగుతూ నడిపించే తెరల వరుస) తెరుచుకుని ఏ తరహా ఏర్పాటు కావాలో అడుగుతుంది: షేర్‌పాయింట్, నివేదికలు లేని ప్రాథమిక ఏర్పాటా, ఒకే సర్వర్‌పై పూర్తి ఏర్పాటా, పలు సర్వర్లకు తగిన అడ్వాన్స్‌డ్ ఏర్పాటా, ఉన్న డేటాబేస్‌లకు మరో అప్లికేషన్ అంచెను మాత్రమే జోడించడమా, పాత వెర్షన్ నుంచి మార్పా అన్నవి.

ఈ విభజన వల్ల ఏం ఒరిగిందో ఒక సందర్భం ద్వారా చూద్దాం. సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం తప్పు కొట్టామనుకోండి. పాత పద్ధతిలో ఆ తప్పు ఫైళ్ల కాపీ పూర్తయ్యాక, డేటాబేస్‌లు తయారవుతుండగా ఎక్కడో బయటపడి, మొత్తం ఇన్‌స్టలేషన్‌ను రద్దు చేసేది, కారణం మాత్రం పొడవాటి లాగ్ ఫైలులో ఎక్కడో ఉండేది. కొత్త పద్ధతిలో ఆ పెట్టె పక్కనే టెస్ట్ అనే లంకె ఉంటుంది, అక్కడే తేలిపోతుంది. అప్పుడు చూసుకోకపోయినా, జవాబులన్నీ ఇచ్చాక, ఏ మార్పూ చేయకముందే విజార్డ్ సన్నద్ధతా తనిఖీలు నడుపుతుంది: డేటాబేస్ అందుతోందా, సరిపడా అనుమతులున్నాయా, పోర్టు ఖాళీగా ఉందా, నివేదికల సర్వర్ స్పందిస్తోందా అని. తప్పు తేలితే వెనక్కి వెళ్లి సరిచేసి తనిఖీని మళ్లీ నడపవచ్చు. ఫైళ్లు వాటి చోటే ఉంటాయి.

ఈ విభజనకు వెన్నుదన్నుగా మరో నిర్ణయం ఉంది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడుకోరు. అప్లికేషన్ అంచెలో ఉండే సెట్టింగులను వీలైనంత వరకు డేటాబేస్‌లోకి తరలించారు. టీఎఫ్ఎస్ కాన్ఫిగరేషన్ అనే డేటాబేస్ మొత్తం ఏర్పాటుకు కేంద్రమైంది, ప్రాజెక్టుల సమూహాలకు కలెక్షన్ అనే వేరువేరు డేటాబేస్‌లు వచ్చాయి. దాంతో అప్లికేషన్ యంత్రం తనదంటూ విలువైనదేదీ దాచుకోని యంత్రంగా మారింది. రెండో అప్లికేషన్ సర్వర్ జోడించాలంటే విజార్డ్‌కు ఎస్‌క్యూఎల్ సర్వర్ పేరు, సర్వీస్ అకౌంట్ చెబితే మిగతాది డేటాబేస్ నుంచే చదువుకుంటుంది. లోడ్ బ్యాలెన్సర్ (అభ్యర్థనలను యంత్రాల మధ్య పంచేది) వెనుక అలాంటివి ఎన్నైనా పెట్టుకునే వీలు ఈ వెర్షన్‌తోనే వచ్చింది. విజార్డ్ తెరలు అందంగా ఉండడం కంటే ఇది చాలా పెద్ద సులువు. తెరల వెనుక నిర్మాణం మారకుండా ఎన్ని విజార్డ్‌లు పెట్టినా పైపూత పూసినట్టే ఉండేది.

సులువు చేయడంలో మూడు రకాలు

ఇన్‌స్టలేషన్ సులువైందని ఎవరైనా చెప్పినప్పుడు అది ఏ రకం సులువో అడిగి తెలుసుకోవడం మంచిది. ఒక భాగాన్ని పూర్తిగా తీసేయడం ఒక రకం. 2018 వెర్షన్‌లో టీమ్ ఫౌండేషన్ సర్వర్ షేర్‌పాయింట్‌తో అనుసంధానాన్ని వదులుకుంది. ఒక సర్వీసు, దాని అకౌంట్లు, దాని పోర్టులు, దాని వెర్షన్ గొడవలు అన్నీ ఒక్కసారిగా పోయాయి. ఇదే అన్నిటికంటే నికరమైన సులువు. అయితే ఆ అనుసంధానాన్ని రోజూ వాడుతున్న బృందాలకు అది సులువు కాదు, నష్టం.

నిర్ణయాన్ని వాయిదా వేయడం, లేదా మంచి డిఫాల్ట్ ఇవ్వడం మరో రకం. నివేదికలు ఇప్పుడు వద్దనుకుంటే తర్వాత జోడించుకోవచ్చన్నది వాయిదా. నెట్‌వర్క్ సర్వీస్‌ను ముందే ఎంచిపెట్టడం డిఫాల్ట్. ఈ రకంలో పని పోదు, తగిన సమయానికి జరుగుతుంది.

మూడో రకం దాచడం. పది అడుగులను ఒక బటన్ వెనుక పెట్టడమన్న మాట. ఆ పది అడుగులూ సాఫీగా సాగినంతకాలం ఇది హాయిగా ఉంటుంది. ఏడో అడుగులో విఫలమైతే, మొదటి ఆరింటిలో ఏం జరిగిందో తెలియని మనిషి దాన్ని సరిచేయవలసి వస్తుంది. దాచడం తప్పని కాదు, దాచినదాన్ని తెరిచి చూసే దారి కూడా ఉండాలి. 2010 విజార్డ్ ప్రతి అడుగుకూ లాగ్ చూపించేది కాబట్టి ఈ విషయంలో దాన్ని తప్పుపట్టలేం.

గిట్‌ల్యాబ్ వేరే దారి

అదే సమస్యకు గిట్‌ల్యాబ్ ఇచ్చిన జవాబు మరోలా ఉంటుంది. డేటాబేస్, తాత్కాలిక సమాచారాన్ని మెమరీలో ఉంచే రెడిస్, వెబ్ సర్వర్, గిట్ నిల్వను చూసుకునే గిటలీ అన్నీ కలిపి ఒకే పెద్ద ప్యాకేజీగా ఇస్తారు, దానికి ఆమ్నిబస్ అని పేరు. ప్రతి యంత్రంలోనూ అదే ప్యాకేజీ వేస్తారు. ఆ యంత్రం ఏ పాత్ర పోషించాలో గిట్‌ల్యాబ్ డాట్ ఆర్‌బీ అనే ఒకే ఫైలులో రాసి, రీకాన్ఫిగర్ అనే కమాండ్ ఇస్తే, లోపల ఉన్న షెఫ్ అనే పరికరం ఆ ఫైలు చెప్పినట్టు యంత్రాన్ని అమరుస్తుంది. మళ్లీ నడిపినా నష్టం లేదు, ఇప్పటికే సరిగా ఉన్నదాన్ని కదిలించదు. భాగాలన్నీ కలిపి పరీక్షించినవే కాబట్టి వెర్షన్లు సరిపడకపోవడం అనే బెడద దాదాపు ఉండదు.

ఇక్కడా చిక్కు లేకపోలేదు, వేరే చోటికి జరిగిందంతే. గిట్‌ల్యాబ్ సీక్రెట్స్ అనే ఫైలు ఒకటి ఉంటుంది, డేటాబేస్‌లో గుప్తంగా దాచిన విలువలను తెరిచే తాళంచెవులు అందులో ఉంటాయి. అప్లికేషన్ నడిపే యంత్రాలన్నిటిలోనూ ఆ తాళంచెవులు ఒకేలా ఉండాలి. రెండో యంత్రంలో ప్యాకేజీ వేసి రీకాన్ఫిగర్ నడిపితే, ఆ ఫైలు ముందే లేకపోతే, తనంతట తానే కొత్త తాళంచెవులు పుట్టించుకుంటుంది. ఏ ఎర్రరూ రాదు. కొన్ని అభ్యర్థనలు మొదటి యంత్రానికి వెళ్లి బాగానే పనిచేస్తాయి, కొన్ని రెండోదానికి వెళ్లి విఫలమవుతాయి. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే ఇలాంటి లోపం ఎప్పుడూ పనిచేయని వ్యవస్థ కంటే ఎక్కువ ఏడిపిస్తుంది.

విజార్డా, స్క్రిప్టా, కంటైనరా

విజార్డ్ పక్షాన ఉన్నవారి వాదన సహేతుకమైనదే. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఒక నిర్వాహకుడు కొన్నేళ్లకొకసారి ఇన్‌స్టాల్ చేస్తాడు. ఆ ఒక్కసారి కోసం కొత్త భాష నేర్చుకోవడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. విజార్డ్ సరైన క్రమంలో సరైన ప్రశ్నలు అడుగుతుంది, అసాధ్యమైన జవాబులను అక్కడే ఆపుతుంది.

స్క్రిప్టుల పక్షం వాదన కాలక్రమాన్ని చూస్తుంది. విజార్డ్‌కు మూడేళ్ల క్రితం ఏ జవాబులిచ్చామో ఎవరికీ గుర్తుండదు, స్క్రిప్టు మాత్రం ఫైలుగా మిగిలి ఉంటుంది. పరీక్షల కోసం అచ్చంగా అలాంటిదే మరో ఏర్పాటు కావాలంటే దాన్నే మళ్లీ నడపవచ్చు. పప్పెట్, షెఫ్, ఆన్సిబుల్ వంటి పరికరాలు ఆదరణ పొందింది ఈ అవసరం వల్లే. ఆసక్తికరంగా, టీమ్ ఫౌండేషన్ సర్వర్‌లోనే ఈ రెండు పక్షాలకూ మధ్యేమార్గం ఒకటి ఉంది. టీఎఫ్ఎస్ కాన్ఫిగ్ అనే కమాండ్‌తో జవాబుల ఫైలు తయారుచేసుకుని, దాన్ని సరిచేసి, మనిషి ప్రమేయం లేకుండా మొత్తం కాన్ఫిగరేషన్‌ను నడపవచ్చు. తనిఖీలు మాత్రమే నడిపి ఆగిపోమని కూడా చెప్పవచ్చు. నా మటుకు నాకు, ఇతర సర్వర్లను ఇప్పటికే స్క్రిప్టులతో నడుపుతున్న విభాగానికి తప్ప, మొదటిసారి విజార్డ్‌తో చేసి జవాబులను ఫైలుగా దాచుకోవడమే మేలనిపిస్తుంది.

కంటైనర్లు (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి కట్టిన పెట్టెలు), వాటిని పలు యంత్రాలపై నడిపే కుబెర్నెటీస్ ఈ చర్చను ఇంకో మెట్టు ఎక్కించాయి. ఏ యంత్రంలో ఏది ఉందన్న ప్రశ్ననే పక్కనపెట్టి, ఏ సర్వీసు ఎన్ని ప్రతుల్లో నడవాలో ప్రకటిస్తే చాలు. స్థితి దాచుకోని భాగాలకు ఇది అద్భుతంగా సరిపోతుంది. డేటాబేస్ వంటి స్థితి ఉన్న భాగాల విషయంలో గిట్‌ల్యాబ్ కూడా తన మార్గదర్శకాల్లో వాటిని కుబెర్నెటీస్ బయట మామూలు యంత్రాలపై ఉంచే మిశ్రమ అమరికను చూపిస్తుంది. కుబెర్నెటీస్ ఇప్పటికే నడుపుతున్న సంస్థకు ఈ దారి చౌక. లేనివారు ఒక వేదికను సులువుగా నెలకొల్పుకోవడానికి అంతకంటే పెద్ద వేదికను నెలకొల్పవలసి వస్తుంది.

రెండు సర్వర్లు అంటే రెట్టింపు భరోసా కాదు

పలు సర్వర్ల ఏర్పాటును ఎంచుకునేవారిలో చాలామంది, ఒకటి పోయినా మరొకటి ఉంటుందన్న నమ్మకంతో ఎంచుకుంటారు. ఈ నమ్మకాన్ని లెక్క వేసి చూడడం అవసరం. ఒక్కో యంత్రం 99 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం, అంటే ఏడాదిలో సుమారు 3.65 రోజులు అందుబాటులో ఉండదు. అప్లికేషన్‌ను ఒక యంత్రంలో, డేటాబేస్‌ను మరో యంత్రంలో పెట్టామంటే, వేదిక నడవాలంటే రెండూ నడవాలి. 0.99ను 0.99తో గుణిస్తే 98.01 శాతం. పని ఆగే కాలం 7.26 రోజులకు పెరిగింది. సర్వర్ ఒకటి పెరిగి, భరోసా తగ్గింది.

ఇప్పుడు అప్లికేషన్ యంత్రాలను రెండు చేద్దాం. రెండూ ఒకేసారి పాడయ్యే అవకాశం 0.01ను 0.01తో గుణించినంత, కాబట్టి ఆ అంచె 99.99 శాతం అందుబాటులో ఉంటుంది. కానీ డేటాబేస్ ఇంకా ఒక్కటే. మొత్తం కలిపితే 98.99 శాతం, అంటే మూడు యంత్రాలు పెట్టి, తిరిగి దాదాపు ఒకే యంత్రం దగ్గరికి వచ్చాం. లోడ్ బ్యాలెన్సర్ కూడా పాడవగలదన్న సంగతి ఈ లెక్కలో కలపనే లేదు. డేటాబేస్‌ను కూడా రెండు చేస్తేనే 99.98 శాతానికి చేరతాం, అదీ ఒకటి పోగానే రెండోది తక్షణం బాధ్యత అందుకుంటుందని, రెండింటి వైఫల్యాలకూ ఉమ్మడి కారణం ఉండదని అనుకుంటేనే.

ఆ బాధ్యత అందుకోవడం వెనుక మరో లెక్క ఉంది. డేటాబేస్ ప్రధాన నోడ్ (యంత్రం) ఏదో నిర్ణయించే వ్యవస్థలు సాధారణంగా మెజారిటీ ఓటుతో పనిచేస్తాయి. ఇద్దరు సభ్యుల్లో మెజారిటీ అంటే ఇద్దరూ ఉండాలి, ఒకరు పోతే నిర్ణయమే జరగదు. ముగ్గురిలో అయితే ఇద్దరు చాలు. గిట్‌ల్యాబ్ అధిక లభ్యత అమరికల్లో ఇలాంటి నిర్ణయాల్లో తోడ్పడే కాన్సుల్, రెడిస్ సెంటినల్ వంటివి మూడేసి చొప్పున కనిపించేది అందుకే. అక్కడి నుంచి యంత్రాల సంఖ్య ఎంత వేగంగా పెరుగుతుందో ఊహించవచ్చు. అదే గిట్‌ల్యాబ్ వెయ్యి మంది వాడుకరుల వరకు ఒకే యంత్రం చాలంటుంది, అధిక లభ్యత అమరికలను మూడు వేల మంది స్థాయి నుంచి మొదలుపెడుతుంది. ఇది అమ్మకందారు మాటే అయినా, ఎక్కువ కొనమని చెప్పగలిగిన చోట తక్కువ చాలని చెప్పిన మాట కాబట్టి దానికి విలువ ఇవ్వవచ్చు.

తిరిగి నిలబెట్టడం ఇంకా సులువు కాలేదు

ఇన్‌స్టలేషన్ సులువైనంతగా బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టడం సులువు కాలేదు, ఎందుకంటే అక్కడ పలు యంత్రాల స్థితి ఒకే క్షణానికి సరిపోవాలి. టీమ్ ఫౌండేషన్ సర్వర్‌లో కాన్ఫిగరేషన్ డేటాబేస్‌ను రాత్రి పది గంటల స్థితికి, కలెక్షన్ డేటాబేస్‌ను పదిన్నర స్థితికి తెస్తే, ఒకదానిలో ఉన్న ప్రస్తావనలు మరోదానిలో ఉండవు. అందుకే అన్ని డేటాబేస్‌ల లావాదేవీల లాగ్‌లలోనూ ఒకేసారి ఒక గుర్తు పెట్టి, పునరుద్ధరణలో అన్నిటినీ ఆ గుర్తు దగ్గరే ఆపే పద్ధతిని మైక్రోసాఫ్ట్ సూచిస్తుంది. నివేదికల సర్వర్ గుప్తీకరణ తాళంచెవిని విడిగా భద్రపరచాలి. ఆ తర్వాత కొత్త యంత్రాల పేర్లు మారి ఉంటే, డేటాబేస్‌లు ఇప్పుడు ఎక్కడున్నాయో టీఎఫ్ఎస్ కాన్ఫిగ్ కమాండ్‌తో మళ్లీ చెప్పాలి.

గిట్‌ల్యాబ్‌లోనూ ఇదే కథ. దాని బ్యాకప్ కమాండ్ డేటాబేస్‌ను, రిపాజిటరీలను (కోడ్ నిల్వలను) తీసుకుంటుంది గానీ గిట్‌ల్యాబ్ డాట్ ఆర్‌బీని, సీక్రెట్స్ ఫైలును ఉద్దేశపూర్వకంగానే వదిలేస్తుంది, తాళాన్నీ తాళంచెవినీ ఒకే పెట్టెలో పెట్టకూడదని. వాటిని ఎవరూ విడిగా దాచకపోతే, బ్యాకప్ సక్రమంగా తిరిగి ఎక్కుతుంది, కోడ్ అంతా కనిపిస్తుంది, కానీ రెండంచెల లాగిన్ పెట్టుకున్నవారు లోపలికి రాలేరు, బిల్డ్‌ల కోసం దాచిన రహస్య విలువలను ఎవరూ చదవలేరు, వాటన్నిటినీ ఒక్కొక్కటిగా కొత్తగా పెట్టుకోవడం తప్ప మార్గం ఉండదు.